అల ఎక్కడానికి వెళ్తూ... సంచీలో ఏం సర్దుకోవాలి?

సముద్రం మనకేం కొత్త కాదు. కార్తీకమాసంలో సముద్రస్నానాలు, ఎండాకాలంలో సూర్యలంక, మంగినపూడి, రుషికొండ... చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మోకాలి లోతు దాకా వెళ్లడం, అల వస్తోందంటే కేరింతలు కొడుతూ వెనక్కి పరుగెత్తుకు రావడం, ఆనక ఒడ్డున కూర్చుని ముంతమసాలా తినడం. మనకు తెలిసిన బీచి అదే. అలాంటిది అలకు భయపడి పరుగెత్తడం మాని, దాన్నే ఎక్కి ఒడ్డుకి రావాలని బయల్దేరితే? సంచీ సర్దుకునే దగ్గర్నుంచే లెక్క మారిపోతుంది!

సర్ఫింగ్ అనగానే హవాయి, ఆస్ట్రేలియా గుర్తొస్తాయి. అంత దూరం అక్కర్లేదు. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే తూర్పు తీర రహదారి మీద 40 కిలోమీటర్లు వెళితే కోవళం అనే మత్స్యకారుల ఊరొస్తుంది. (కేరళ కోవళం కాదు సుమా! పేరు చూసి తిరువనంతపురానికి టిక్కెట్టు తీసుకునేరు.) మూర్తి మెగావన్ అనే స్థానిక మత్స్యకారుడు ముందు తాను నేర్చుకుని, తర్వాత ఊరి పిల్లలకు నేర్పి ఈ ఊరిని సర్ఫింగ్ పటంలోకి ఎక్కించాడు. అక్కణ్నుంచి మరో 20 కిలోమీటర్లు వెళితే మహాబలిపురం. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగిందీ, మన దేశం తరఫున రమేశ్ బుదిహాళ్ కాంస్య పతకం గెలిచిందీ అక్కడే.

హైదరాబాద్ వాళ్లకు తాంబరం వెళ్లే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ అనువుగా ఉంటుంది. అక్కణ్నుంచి వండలూరు, కేళంబాక్కం మీదుగా రోడ్డున వెళ్లిపోవచ్చు. విజయవాడ, నెల్లూరు వాళ్లు చెన్నై సెంట్రల్‌లో దిగితే సరి. రైలు సంగతి కంటే నెల సంగతి ముఖ్యం. కొత్తవాళ్లకు జనవరి నుంచి మార్చి దాకా బాగుంటుంది, అలలు చిన్నవిగా వస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా వచ్చేవి చెయ్యి తిరిగినవాళ్లు ఎదురుచూసే అలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, ఆ జోలికి పోకపోవడమే మంచిది.

ఇక సంచీ. మొదట పట్టుకెళ్లకూడనిది చెప్పేస్తే సగం బరువు తగ్గుతుంది. బోర్డు కొనద్దు. నేర్పేవాళ్లే ఇస్తారు. కొత్తవాళ్లకిచ్చేది ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవుండి, పైన మెత్తటి ఫోము ఉన్న బోర్డు. పొడవూ వెడల్పూ ఎక్కువ కాబట్టి నీళ్లమీద నిలకడగా ఉంటుంది, నెత్తికి తగిలినా గట్టి బోర్డంత దెబ్బ తగలదు. సినిమాల్లో హీరో చంకన పెట్టుకుని పరుగెత్తే కురచ బోర్డు మీద మొదటి రోజు నిలబడటం కల్ల. సినిమాల్లో కనబడే ఆ రబ్బరు సూటూ దండగే. చలిదేశాల నీళ్లకోసం చేసిందది. మన బంగాళాఖాతం గోరువెచ్చగా ఉంటుంది, అది తొడుక్కుంటే ఉడికిపోతాం.

మరి ఏం వేసుకోవాలి? ఇంట్లో పాత కాటన్ టీషర్టు ఉందిగా అనుకుంటాం. కాటను నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఒంటికి అంటుకుని చేతులాడనివ్వదు. బోర్డు మీద బోర్లా పడుకుని గంటన్నర తెడ్డు వేసినట్టు చేతులతో ఈదాలి కదా... పొట్టా, ఛాతీ రాపిడికి ఎర్రగా కందిపోతాయి. అందుకే ‘రాష్ గార్డ్’ అనే లైక్రా చొక్కా కావాలి. పొడుగు చేతులది తీసుకుంటే ఎండ నుంచీ కాపాడుతుంది. కింద మగవాళ్లకు జిప్పూ, గుండీలూ లేని నిక్కరు, ఆడవాళ్లకు ఈత దుస్తుల మీద మోకాళ్లు దాటే బిగుతు లెగ్గింగు. పంజాబీ డ్రెస్సుతో దిగుతానంటే ఏ శిక్షకుడూ ఒప్పుకోడు, చున్నీ కాలికి చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అన్నీ రెండేసి జతలుండాలి. సముద్రపు గాలిలో తడిబట్ట రాత్రికి రాత్రి ఆరదు, పొద్దున్నే ఆరింటికి ఆ చెమ్మ చొక్కాలోకి దూరడం ఎంత నరకమో చెప్పలేను.

ఇంకో చిట్కా. ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి విదేశాల్లో సర్ఫర్లు గోనెసంచీ లాంటి పెద్ద అంగీ ఒకటి కొంటారట. మనకా ఖర్చు లేదు, నైటీ ఉంది! మందపాటి టర్కీ టవలు బదులు పల్చటి గళ్ల తువ్వాలు పెట్టుకోండి, గంటలో ఆరిపోతుంది. కాళ్లకు హవాయి చెప్పులు చాలు.

ఎండని తక్కువ అంచనా వెయ్యొద్దు. నీళ్లలో చల్లగా ఉంటుంది కాబట్టి మాడిపోతున్నట్టు తెలీదు, రాత్రి మంచమెక్కాక తెలుస్తుంది. నీళ్లకు తొందరగా పోని, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ దిగడానికి ఇరవై నిమిషాల ముందు రాసుకోవాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అందరూ మొహానికి రాసి ఊరుకుంటారు. కాలేది మాత్రం మెడ వెనక, చెవుల పైన, పిక్కలు. బోర్లా పడుకుంటాం కదా మరి! ముక్కుకీ బుగ్గలకీ జింక్ ఆక్సైడ్ పట్టిస్తే తెల్లగా వేషం కట్టినట్టుంటారు, సిగ్గుపడకండి. పగడపు దిబ్బలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించింది. ఆ రెండూ లేనిది చూసి కొంటే మంచిదే. కొబ్బరినూనె తలకు రాసి జడ వేసుకోండి, ఉప్పునీళ్లకు జుట్టు పీచు కాకుండా ఉంటుంది. ఒంటికి మాత్రం రాయకండి, బోర్డు మీద నుంచి జారిపోతారు.

ఇప్పుడు అసలు పేచీ... బంగారం. ఉంగరం, గాజులు, చెవుల జూకాలు తీసి ఇంట్లో పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. మంగళసూత్రం దగ్గరికొచ్చేసరికి ఇంట్లో వాతావరణం మారిపోతుంది. మాతో వచ్చిన ఒకావిడ అత్తగారు ‘‘మెళ్లోంచి తీసి సముద్రంలోకి దిగుతావా అమ్మా?’’ అని రెండు రోజులు ముభావంగా ఉన్నారట. చివరికి ఆవిడే ‘‘గొలుసు బీరువాలో పెట్టి పసుపుతాడు కట్టుకెళ్లు’’ అని దారి చూపించారు. మెడ దాకా మూసి ఉండే రాష్ గార్డ్ లోపలికి తాడు దోపేస్తే సరిపోయింది. అల ఒక్కసారి గిరగిరా తిప్పిందంటే నాలుగు తులాల గొలుసు తెగి ఇసుకలో కలవడం ఎంతసేపు? పైగా గొలుసు దేనికైనా పట్టుకుంటే మెడకు ప్రమాదం. అత్తాకోడళ్లిద్దరూ ప్రయాణానికి ముందే తేల్చుకోవాల్సిన విషయమిది.

కళ్లజోడు ఉన్నవాళ్లు తల వెనక బిగించే పట్టీ కొనుక్కోవాలి. అదీ పాత జోడుకే. ఫోను గదిలో ఉండాలి, ఒడ్డున సంచీలో కూడా వద్దు. మందుల పొట్లంలో బ్యాండేజీ, యాంటీసెప్టిక్, ఒక అమృతాంజనం సీసా. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలెట్టిన ఆ మందు విలువ మర్నాడు భుజాలు పైకి లేవనప్పుడు తెలుస్తుంది. జెల్లీ చేప తగిలితే మంచినీళ్లు పొయ్యకూడదు, చర్మానికి అంటుకున్న విషకణాలు ఇంకా రేగుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, రుద్దకుండా పోగులు తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచాలి. ఊపిరి ఆడకపోయినా, వాపు పాకుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవన్నీ దుకాణంలో దొరుకుతాయి. ఈత దొరకదు. దానికి ప్రయాణానికి రెండు నెలల ముందే మీ ఊరి ఈతకొలనులో పేరు రాయించుకోవాలి. నడుంలోతు నీళ్లలోనేగా నేర్పేది, కాలికి బోర్డు తాడు ఉంటుందిగా అంటారు కొందరు. తాడు తెగొచ్చు. నడుంలోతు నిమిషంలో నిలువులోతు కావొచ్చు. విశాఖ ఆర్కే బీచిలో కాళ్లు తడుపుకుందామని దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. వాళ్లలో చాలామందికి తెలియంది ఒకటుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లు ఒకచోట కాలవలా కూడి వేగంగా లోపలికి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో అక్కడ మాత్రం నిమ్మళంగా ఉన్నట్టు కనబడుతుంది. అక్కడే దిగుతాం! అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక తిరగాలి. బోర్డు ఉంటే దాన్ని వదలకుండా చెయ్యెత్తి పిలవాలి.

మాకు నేర్పిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. తాతల నాటి నుంచీ వేటే. వచ్చీరాని తెలుగులో చెప్పిన మొదటి పాఠం నిలబడటం గురించి కాదు, పడటం గురించి. ‘‘అక్కా, బోర్డు మీకూ అలకీ మధ్య ఉండకూడదు. తల ముందు పెట్టి దూకొద్దు, వెల్లకిలా పడండి. పైకొచ్చేటప్పుడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకోండి’’. ఇసుక మీదే ఇరవైసార్లు పడుకోబెట్టి లేపాడు. కట్టుమరం అనే తమిళ మాటే ఇంగ్లీషువాళ్ల నోట కెటమరాన్ అయింది. దుంగలు కట్టిన అలాంటి తెప్పల మీదే మన తీరంలోనూ జాలర్లు విరిగే అలల్ని దాటి వెళ్లి, మళ్లీ వాటి మీదే ఒడ్డుకొచ్చేవారు. ఆ కుర్రాడికి అల లెక్క పుస్తకంలోంచి వచ్చింది కాదు.

పాఠాలు పొద్దున్నే ఉంటాయి. భూమి మీద నుంచి వీచే గాలికి అప్పుడు నీళ్లు నునుపుగా ఉంటాయి, పొద్దెక్కి సముద్రపు గాలి మళ్లిందంటే గజిబిజి. కాబట్టి రాత్రి త్వరగా పడుకోవాలి. దిగే ముందు ఒక అరటిపండు చాలు, ఇడ్లీ సాంబారు బయటికొచ్చాక... అప్పుడు ఎన్ని తిన్నా అడిగేవాళ్లుండరు.

తిరుగు ప్రయాణానికి పెద్ద ప్లాస్టిక్ కవర్లు రెండు వేసుకోండి. తడిబట్టలు మంచినీళ్లలో జాడించి పిండి అందులో కట్టెయ్యాలి, లేకపోతే రైల్లో కింది బెర్తు వాళ్లతో మాట పడాలి. ఎంత దులిపినా సంచీ అడుగున ఇసుక మాత్రం నెలరోజులు రాలుతూనే ఉంటుంది.