ఒక్క కామాతో తప్పిపోయిన పేరు

కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం నేను చేసిన తప్పు ఒకటి చెప్తున్నా.

మా హాస్టల్ పిల్లలకి పుస్తకాల డబ్బులు వేయడానికి లిస్టు తయారుచేసే పని నాకిచ్చారు. ఎక్సెల్ షీటుని సీఎస్‌వీగా సేవ్ చేసి, పీహెచ్‌పీలో ఎక్స్‌ప్లోడ్‌తో ప్రతి లైనునీ కామా దగ్గర విడగొట్టాను. లెక్క 0 నుంచి కదా: 0లో పేరు, 1లో తెగ, 2లో ఊరు, 3లో బ్యాంకు ఖాతా.

ఒక చెల్లి ఊరి పేరు రాసి, కామా పెట్టి, ‘చింతపల్లి మండలం’ అని కూడా రాసింది. 4 ముక్కలు రావాల్సింది 5 అయ్యాయి. ఖాతా నంబరు ఉండాల్సిన చోట మండలం పేరొచ్చింది. ‘ఖాతా సరిగా లేదు’ అని నా ప్రోగ్రామ్ ఆమెను పక్కన పెట్టేసింది. ఎర్రర్ కూడా చూపించలేదు. వారం తర్వాత "అన్నా, నా పేరు లేదేంటి?" అని ఆమె అడిగితేగానీ నాకు తెలీలేదు.

గడిలో కామా ఉంటే ఎక్సెల్ దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి సేవ్ చేస్తుంది. ఎక్స్‌ప్లోడ్ ఆ కోట్స్‌ని చూడదు, కామా కనిపిస్తే కోసేస్తుంది. ఎస్‌టీఆర్_గెట్‌సీఎస్‌వీ మాత్రం కోట్స్ లోపలి కామాని ముట్టుకోదు. ఆ లైను మార్చాను. కౌంట్‌తో ముక్కలు లెక్కపెట్టి, 4 కాకపోతే నాకు చూపించమని ఇంకో లైను రాశాను. చెల్లి పేరు లిస్టులోకి వచ్చింది.

లిస్టులో పేరు లేకపోతే ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకి తెలుసు. ఈసారి ఆ పేరు తీసేసింది నా కోడే. అందుకే ముక్కలు లెక్కపెట్టకుండా ఎవరి పేరూ పక్కన పెట్టకండి.