బందరు నుంచి హైటెక్ సిటీకి

బందరు మనిషికి గోలకొండ పరాయిది కాదు సుమండీ! కుతుబ్‌షాహీల కాలంలో మా రేవే వారి సముద్రద్వారం. 1611లో ఇంగ్లీషు వర్తకులు దిగింది అక్కడే. డచ్చివారు అంతకు ముందే వచ్చి కూర్చున్నారు. గోలకొండ వజ్రాలూ, మా కలంకారీ అద్దకాలూ ఓడలెక్కిందీ అక్కడే. యిదంతా తరగతిలో చెప్పేవాణ్ణే గాని, గోలకొండ పక్కనున్న హైటెక్ సిటీని మొన్న సంక్రాంతికి ముందు గాని చూడలేదు.

"అన్నయ్యా, ఒక్కసారి రా. వచ్చాక మాట్లాడుకుందాం" అని తమ్ముడు ఫోను చేశాడు. విషయమేమిటో తెలుసు. యిక్కడ ఫ్లాటు కొనడానికి, నాన్నగారి రెండెకరాల మాగాణిలో తన వాటా అమ్మాలని వాడి కోరిక.

రాయదుర్గంలో మెట్రో దిగగానే కంటబడినవి మేడలు కావు, రాళ్లు. గుండుమీద గుండు, ఎవరో పేర్చిపెట్టినట్టు! యీ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలట. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రుమీద పుట్టిపెరిగిన నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. 1998లో వాజపేయిగారు ప్రారంభించిన సైబర్ టవర్స్, ఎత్తయిన అద్దాల మేడల నడుమ ఒదిగి కూర్చున్న ముసలి తాతలా వుంది. దుర్గం చెరువుమీద 2020లో తెరిచిన తీగల వంతెన దాటాము. ఒకప్పుడు గోలకొండ కోటకు యీ చెరువు నీళ్లే వెళ్లేవంటారు.

యిక్కడి సరుకుకు ఓడ అక్కరలేదు. రాత్రి భోజనం మధ్యలో తమ్ముడు లేచి, చెవికేదో తగిలించుకుని అమెరికా వారితో మాట్లాడుతూనే వున్నాడు. మరదలు చారు రెండోసారి వేడిచేసింది.

మా రేవు కథ వేరు. కంపెనీవారు మద్రాసుకు మకాం మార్చారు, రేవు పూడింది, 1864 ఉప్పెన ముప్పైవేలమందిని మింగింది. (కొత్త రేవు పనులు 2023లో మొదలైనాయి.) అయితే 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలవలు పారి, పల్లెల్లో ధాన్యం మిగిలింది. ఆ మిగులే తరతరాలుగా పిల్లల చదువులకు జీతాలు కట్టింది. మా నాన్నగారూ వడ్లమ్మే తమ్ముణ్ణి ఇంజనీరింగులో చేర్చారు.

"నిన్నిక్కడికి తెచ్చింది ఆ కాలవేరా" అన్నాను.

"కాదన్నానా? యిప్పుడా చేలో దిగేదెవరు అన్నయ్యా, నువ్వా?" అన్నాడు నెమ్మదిగా.

కౌలురైతు తోలే బస్తాలు లెక్కపెట్టుకోవడమేగాని గట్టు దిగి ఎన్నేళ్లయిందో! చారన్నం కలుపుకున్నాను.

మర్నాడు బస్సు నిండా కోస్తాకు పోయే కుర్రకారు. అమ్మకం కాగితాలు నా సంచిలో వున్నాయి. పండుగ వెళ్లాక చెబుతానన్నాను.