నాలుగొందల గీత

బిల్లు తేదీ దగ్గరపడిందంటే ఢిల్లీ ద్వారక అపార్టుమెంట్లలో కింద మీటర్ల బోర్డు దగ్గర మనుషులు కనబడతారు. ఫోను టార్చి వేసుకుని, మీటరు తెరమీద తేదీ, టైము, వోల్టేజీ ఒకదాని తర్వాత ఒకటి పోతుంటే, యూనిట్ల అంకె వచ్చేదాకా కాచుకుని నిలబడతారు. అది వచ్చినప్పుడు ఫొటో తీసుకోలేదా, మళ్ళీ మొదటినుంచి!

ఈ భక్తి 2019 ఆగస్టు నుంచి. నెలకు 200 యూనిట్లలోపు వాడితే బిల్లే లేదనీ, 201 నుంచి 400 దాకా అయితే సగం, 800 రూపాయలకు మించకుండా, తానే భరిస్తాననీ ఢిల్లీ ప్రభుత్వం అంది. 2022 అక్టోబరు నుంచి కావాలని అడిగినవాళ్ళకే ఇస్తున్నారు. 401వ యూనిట్ కాలిందంటే రాయితీ మొత్తం గోవిందా. నిండుగా 800 అందుకునే ఇంటికి ఆ ఒక్క యూనిట్ ఖరీదు దగ్గర దగ్గర ఎనిమిది వందలన్నమాట.

దాంతో పొదుపు పాఠాలకు లొంగనివాళ్ళు కూడా లొంగారు. మా పై అంతస్తులో ఉండే నెల్లూరు పిన్నిగారు మేలో నెలాఖరు రోజుల్లో ఏసీ కట్టేసి కూలరు తీస్తారు. ఆవిడ లెక్క మంచిదే. వడగాలి పొడిగా ఉన్నన్నాళ్ళూ కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జులైలో వాన పడి ఉక్కపోత మొదలైందా, అదే కూలరు ఇంటిని ఇడ్లీపాత్ర చేస్తుంది. అప్పుడు మీటరు 400 దాటుతుంది. దాటాక ఇక ఆపేవారుండరు. నిండా మునిగినవాడికి చలేమిటి? పిల్లలు రెండు గదుల్లో రెండు ఏసీలు వేసుకుని దుప్పట్లు కప్పుకుంటారు. ఇలాంటి ఇళ్ళున్న ఢిల్లీలో జులై రాకుండానే, 2024 జూన్ 19న, విద్యుత్ డిమాండు 8,656 మెగావాట్లకు చేరి రికార్డు కొట్టిందంటే ఆశ్చర్యమేముంది?

ఈ నాలుగొందల గీత జాగ్రత్త నేర్పింది గానీ ఎక్కడ జాగ్రత్తపడాలో నేర్పలేదు. వరండాలో లైటు వదిలేశావని పిల్లాణ్ణి కేకలేసే పెద్దాయనే, చలికాలం తెల్లవారుజామున గీజరు వేసి పేపరు చదువుతూ మరిచిపోతారు. రెండు వేల వాట్ల గీజరు అరగంట కాగితే ఒక యూనిట్. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. తిట్లు తినేది మాత్రం బల్బే.

ఏసీ సంగతి అందరికీ తెలిసిందే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారుచేయాలన్నారు. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు కలిసొస్తుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్ళ మాట. రిమోట్ చేతికి రాగానే 18కి దించే అలవాటుకు మాత్రం ఏ చట్టమూ లేదు.

ఎవరూ పట్టించుకోనిది పాత ఫ్యాను. అది 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను ముప్ఫై చిల్లరతో సరిపెట్టుకుంటుంది. మూడు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగే ఇంట్లో నెలకు దాదాపు అరవై యూనిట్ల తేడా. నాలుగొందల చుట్టూ ఊగిసలాడే కొంపకు అది చాలా ఎక్కువ. ఈసారి జీతం మిగిలితే కొత్త టీవీ తర్వాత చూడవచ్చు, ముందు హాల్లో ఫ్యాను మార్చండి.