బొమ్మ చుట్టూ ఒక గీత

మా నాన్నగారు తీసిన ఫోటోలు నలభై రెండు మిగిలాయి. పల్లెటూరి బడిపంతులు చేతిలో పెట్టె కెమెరా ఉండడమే ఆ రోజుల్లో వింత. పెళ్ళిళ్ళు, బడి వార్షికోత్సవాలు, 1967 గోదావరి పుష్కరాలు, పొలంగట్టున నిలబడిన ఎవరెవరో. అన్నీ నలుపు తెలుపులే. చాలావరకు అమ్మ ఆ ఇంట అడుగుపెట్టక మునుపటివి. నాన్నగారు 2008లో పోయారు. మరుసటి ఏడు ఆ ఫోటోలను స్కాన్ చేయించి, ఒక వెబ్ పుట తయారు చేయడానికి పూనుకున్నాను. చిన్న బొమ్మను నొక్కితే పెద్ద బొమ్మ రావాలి. దాని కింద అందులోని మనుషుల పేర్లుండాలి. అన్నయ్య విదేశంలో, అక్క నాగపూరులో, బాబాయి ఊళ్ళో. అందరూ చూడాలని నా కోరిక.

నేను ఆంగ్ల సాహిత్యం చదివినవాణ్ణి. అనువాదం నా జీవనాధారం. ఈ విద్యలో నాకు గురువు లేడు, తప్పులే గురువులు. మొదటి తప్పు వెంటనే కనిపించింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రతి ఫోటో చుట్టూ చిక్కటి నీలపు అంచు ప్రత్యక్షమైంది. అప్పుడప్పుడే వచ్చిన క్రోమ్‌లో ఆ అంచు లేనే లేదు. ఒకే మూలాన్ని ఇద్దరు అనువాదకులకు ఇస్తే ఏమవుతుందో నాకు కొత్త కాదు గనుక ఆశ్చర్యపడలేదు, విసుక్కున్నాను.

ఆ నీలానికి ఒక చరిత్ర ఉంది. వెబ్ పుట్టిన తొలి సంవత్సరాల్లో లంకె అయిన మాటను నీలిరంగులో, కింద గీతతో చూపేవారు. బొమ్మకు కింద గీత గీస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకని చుట్టూ చట్రం గీశారు. ఒకసారి చూసి వచ్చిన లంకె అయితే ఆ చట్రం ఊదారంగుకు మారుతుంది. అది వద్దనుకున్నవారు ప్రతి బొమ్మ దగ్గరా ‘అంచు సున్న’ అని విడివిడిగా రాసుకునేవారు. హోకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించగా 1996 డిసెంబరులో ప్రమాణంగా వెలువడిన సి.ఎస్.ఎస్. ఆ శ్రమ తీర్చింది. లంకెల లోపలి బొమ్మలన్నింటికీ అంచు సున్న అని ఒక్కచోట ఒక్క వాక్యం రాస్తే చాలు, అన్ని బ్రౌజర్లూ తలవంచుతాయి. రాశాను. నీలం పోయింది.

అమ్మ మాత్రం సంతోషించలేదు. “ఆ ఊదా గీతలేవిరా? ఏవి చూశానో, ఏవి చూడలేదో నాకెలా తెలుస్తుంది?” అంది. నవ్వి ఊరుకున్నాను.

తరవాత మరో రెండు చిక్కులు. లంకె మాటలకు అందంగా ఉంటుందని నేను పెట్టుకున్న కింది అంచు, ఫోటోల కింద కూడా వచ్చి కూర్చుంది. లంకెలో ఉన్న బొమ్మను పిలవడం సి.ఎస్.ఎస్.కు తెలుసు, బొమ్మ ఉన్న లంకెను పిలవడం ఆనాడు తెలియదు. తండ్రి పేరు చెప్పి బిడ్డను పిలవవచ్చు గాని, బిడ్డ పేరు చెప్పి తండ్రిని పిలవడానికి వీలులేదన్నమాట. (ఆ సౌకర్యం ప్రధాన బ్రౌజర్లన్నింటికీ సమకూరేసరికి 2023 డిసెంబరు అయింది.) చేసేది లేక బొమ్మల లంకెలకు వేరే తరగతి పేరు పెట్టాను. రెండోది, ప్రతి ఫోటో కింద సన్నటి ఖాళీ. బ్రౌజరు బొమ్మను ఒక అక్షరంగా భావించి వరుస మీద నిలబెడుతుంది. దాని కింద అక్షరాల తోకలకు చోటు వదులుతుంది. మన లిపికైతే అది ఒత్తులు కూర్చునే చోటు. ఆ సంగతి తెలిశాక దాన్ని తీసెయ్యడానికి మనసొప్పలేదు, అయినా తీసేశాను.

ఆ ఊపులోనే ఇంకొకటి కూడా తీసేశాను. ఫైర్‌ఫాక్స్‌లో ఫోటోను నొక్కగానే చుట్టూ చుక్కల గీత ఒకటి మెరిసేది. దాని పేరు అవుట్‌లైన్. అంచు వేరు, ఇది వేరు; అంచు స్థలం ఆక్రమిస్తుంది, ఇది ఆక్రమించదు. నా కంటికి రెండూ ఒకే మకిలి. దాన్నీ సున్న చేశాను. ఎరిక్ మేయర్ అనే నిపుణుడు అందరికీ అందించిన నియమావళిలోనూ ఆ సున్న ఉండేది. అయితే, దాని బదులు మీరొక గుర్తు పెట్టడం మరవకండి అని ఆయన పక్కనే హెచ్చరించాడు. నేను సున్నను స్వీకరించి హెచ్చరికను వదిలేశాను. వృత్తిరీత్యా పాదసూచికలు చదవవలసినవాణ్ణి!

ఫోటోల్లోని మనుషుల పేర్లు తెలిసినవాడు బాబాయి ఒక్కడే. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, “ఏడో బొమ్మలో ఎడమవైపు నిలబడ్డది కరణంగారి పెద్దబ్బాయి” అంటూ చెప్పేవాడు. నేను గీతలన్నీ తుడిచేసిన తరవాత మరో రెండు వారాలు ఏవో చెప్పాడు. పదకొండో ఫోటో దగ్గర ఆగిపోయాడు. అడిగితే, “చూద్దాంలేరా” అనేవాడు. వయసు మీద పడింది, ఆసక్తి తగ్గిందనుకున్నాను.

2010 సంక్రాంతికి ఊరు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. బాబాయికి చేతులు వణుకుతాయి. మౌసు పట్టుకుంటే తెరమీద బాణం నిలవదు. అందుకని ఎడమచేతి వేలితో ట్యాబ్ మీట నొక్కుతూ ఒక్కొక్క ఫోటో దాటుకుంటూ వెళ్ళేవాడు. తాను ఏ ఫోటో మీద ఉన్నాడో చెప్పే ఏకైక ఆనవాలు ఆ చుక్కల గీత. నా పుటలో అది లేదు. ఆయన నోటితో లెక్కపెట్టుకుంటున్నాడు: “తొమ్మిది... పది... ఇప్పుడు నొక్కానా?” లెక్క తప్పి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

“నాలుగు నెలలుగా ఇలాగేనా బాబాయ్? చెప్పలేదేం?”

“నాకే చేతకావడం లేదనుకున్నానురా.”

ఆ రాత్రే సున్నను చెరిపి, మీట చేరిన ఫోటో చుట్టూ మూడు పిక్సెళ్ళ దళసరి నారింజ గీత పెట్టాను. మీటతో తిరిగేవారికి తామెక్కడున్నదీ కనబడి తీరాలని 2008 డిసెంబరులోనే అంతర్జాతీయ మార్గదర్శకాల్లో రాసి ఉందని తరవాత చదివాను. అమ్మకోసం ఊదా గీత కూడా తిరిగి తెచ్చాను. నలుపు తెలుపు ఫోటోల నడుమ నారింజ, ఊదా! చూడడానికి తిరునాళ్ళలా ఉంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి కుర్చీ లాక్కున్నాడు. ఉగాది నాటికి ముప్ఫై నాలుగు ఫోటోలకు పేర్లు వచ్చాయి. కొన్నిటికి కథలు కూడా. పుష్కరాల ఫోటో ఒకటి ఉంది. రేవు మెట్ల మీద తడి చీరతో నిలబడి నవ్వుతున్న ఒక అమ్మాయి. నారింజ గీత దానిమీదికి వచ్చినప్పుడు బాబాయి ఒకసారి దాటి ముందుకు వెళ్ళాడు. షిఫ్ట్ మీట పట్టుకుని వెనక్కి వచ్చాడు. కాసేపు చూసి, “దీని సంగతి తరవాత చెబుతాను” అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే ఆయన పోయాడు. ఆ ఫోటో కింద ఇప్పటికీ ఏమీ రాయలేదు.