బోల్టు తల కింద మిగిలిన పూత



రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఒంట్లో బాగుందా అని చాలామంది ఫోన్ చేసి అడిగారు. దేవుని కృప వల్ల మేమిద్దరం బాగున్నాం. ఒక మెకానిక్ షెడ్డులో ఉన్నాం, అంతే. ఈ వారం ధ్యానం ఆ షెడ్డులో దొరికిందే. ఇందులో మా తప్పు ఒకటుంది. దాన్ని దాచకుండా రాస్తున్నాం.

మన దొరవారిసత్రం సంఘంలో ఒక పెద్దమ్మ ఇంటి వెనక, పశువుల పాకలో, పట్ట కప్పిన పాత కారు ఒకటుందని మీలో కొందరికి తెలుసు. అది స్టాండర్డ్ హెరాల్డ్. ప్రభువునందు నిద్రించిన ఆమె భర్త దాన్ని నడిపేవారు. రాత్రిపూట పురిటినొప్పులు వచ్చిన వాళ్లను ఆ బండిలోనే నాయుడుపేటకు చేర్చేవారని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మనవరాలి పెండ్లి కుదిరాక ఆ పెద్దమ్మ మా ఇంటికొచ్చి, "అయ్యగారూ, ఆయన లేడు. ఆయన బండన్నా మందిరం దాకా రావాల" అంది. కాదనలేకపోయాం. యవనస్థులు నలుగురు మాతో కలిశారు.

ఈ కాలం పిల్లలకు ఆ బండి తెలియదు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. ఇటలీకి చెందిన మికెలోట్టి దానికి రూపం గీశాడు. 1961 నుంచి మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ దాన్ని తయారుచేసింది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఒక్క మన దేశంలోనే తయారైంది. ఇంజను 948 సీసీ. బానెట్టు, ముందు మడ్‌గార్డులు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. ఇదే చట్రాన్ని పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. ఆ స్పిట్‌ఫైర్లను బాగుచేసుకునే వాళ్లు నేటికీ దేశదేశాల్లో ఉన్నారు. ఏ బోల్టుకు ఫ్యాక్టరీలో ఏ పూత ఉండేది, నల్లదా తెల్లదా అని వాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారట. మొదట విన్నప్పుడు మాకు నవ్వొచ్చింది. బోల్టుకు రంగేమిటి, బిగిస్తే చాలు కదా అనుకున్నాం.

సూళ్లూరుపేట వైపున్న ఒక మెకానిక్ భాయ్ ఈ పని ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు మద్రాసులో పని నేర్చినవాడు. ఆయన పద్ధతి మాకు కొత్త. ఊడదీసిన ప్రతి బోల్టునూ కిరసనాయిల్లో కడిగి, విడివిడి కవర్లలో వేసి, ఎక్కడిదో పైన రాయమన్నాడు. లెక్కపెడితే నాలుగు వందలు దాటాయి. పులికాట్ మీంచి వచ్చే ఉప్పుగాలి సంగతి మీకు తెలుసు. అన్నీ ఎర్రటి తుప్పు. ఏది ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు?

భాయ్ ఒక బోల్టు తిప్పి చూపించాడు. తల కింద, వాషరు ఆనుకుని ఉన్న చోట, ఉంగరంలా సన్నటి గుర్తు. ఎండా ఉప్పూ సోకని ఆ కాస్త చోట ఫ్యాక్టరీ పూత అలాగే ఉంది. కొన్నిటి కింద మసకగా వెండిబూడిద రంగు. ఇంజను దగ్గరి కొన్నిటి కింద నూనె పీల్చుకున్న నల్లటి ఫాస్ఫేటు పూత. "పైన చూసి చెప్పలేం అయ్యగారూ, కింద చూడాల" అన్నాడు.

ఆ కాలపు ఇంగ్లీషు బండ్లలో చాలా బోల్టులకు కాడ్మియం పూత గానీ జింకు పూత గానీ ఉండేది. కాడ్మియం ఉప్పుగాలికి బాగా ఆగుతుంది. కానీ అది విషం, మూత్రపిండాలను పాడుచేస్తుంది. అందుకే భాయ్ దాని జోలికి పోడు. చూడడానికి దగ్గరగా ఉండే జింకు వేయిస్తాడు. "అసలు పూత కావాలని పని చేసే పిల్లోడి ప్రాణం తీసుకుంటామా?" అన్నాడు. పాతదంతా తిరిగి తేవాల్సిందే అనే పట్టుదల ఆయనకు లేదు. ప్రతి ముక్కకూ తయారుచేసినవాడు ఏ పని అప్పగించాడో అది తెలుసుకుని, ఆ పనికి తగిన పూత ఇవ్వాలన్నదే ఆయన లెక్క.

ఇక మా తప్పు. పెండ్లి దగ్గరపడుతోంది. పెద్దమ్మను సంతోషపెట్టాలని, ఊరంతా చూసి మెచ్చుకోవాలని మాకు ఆశ పుట్టింది. భాయ్‌కి చెప్పకుండా ఆ కవర్లలో సగం తీసుకుని, సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి చెన్నై వెళ్లి, ఒక ప్లేటింగ్ షాపులో అన్నిటికీ క్రోమ్ వేయమన్నాం. వాళ్లు మేం అడిగిందే చేశారు. నాలుగు రోజుల తర్వాత తెచ్చి షెడ్డులో బల్ల మీద పోశాం. అద్దాల్లా మెరిశాయి. ఏది ఎక్కడిదో చెప్పే కవర్లు మాత్రం ఆ షాపులోనే పోయాయి.

భాయ్ కోప్పడలేదు. రెండు స్ప్రింగు వాషర్లు తీసి, బోల్టుకు ఎక్కించి, వైసులో పెట్టి గట్టిగా బిగించాడు. "రేపు పొద్దున రండి" అన్నాడు. పొద్దున వెళ్లేసరికి రెండూ విరిగి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. బిగించిన చోటే, రాత్రికి రాత్రి, తమంతట తామే విరిగాయి.

షార్‌లో పనిచేసి రిటైరైన మన సహోదరుడు ఒకాయన ఆ రోజు షెడ్డుకొచ్చి కారణం చెప్పాడు. పూతకు ముందు ఇనుమును యాసిడ్‌లో కడుగుతారు. తర్వాత కరెంటు పెట్టిన ద్రావణంలో ముంచుతారు. ఈ రెండు చోట్లా హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. ఉక్కు ఎంత గట్టిదైతే ప్రమాదం అంత ఎక్కువ. మెత్తటి బోల్టులు తట్టుకుంటాయి, స్ప్రింగు వాషరు లాంటివి తట్టుకోలేవు. పైకి ఏ లోపమూ కనబడదు. బిగించిన క్షణాన కూడా విరగదు. బరువు మీదుండగా గంటలకో రోజులకో, చెప్పాపెట్టకుండా చిట్లుతుంది. మందు ఏమిటంటే, పూత వేసిన నాలుగు గంటల లోపు సుమారు 200 డిగ్రీల వేడిలో పెట్టి, గంటల తరబడి ఉంచాలి. అప్పుడు లోపల దూరింది మెల్లగా వెళ్లిపోతుంది. మా తొందరలో అలాంటి వేడి ఒకటుంటుందని కూడా మాకు తెలియదు.

మెరుపుకు ఇంకో సంగతీ ఉందని ఆయన చెప్పాడు. అలంకారానికి వేసే క్రోమ్ పొర చాలా పలచన. కింద ఉండే నికెల్‌ను కూడా దాటి ఉక్కు దాకా సూదిమొనంత రంధ్రం పడితే చాలు, తుప్పు లోపలి ఉక్కునే తింటుంది, పై పొర మాత్రం మెరుస్తూనే ఉంటుంది. జింకు అలా కాదు. గీత పడినా సరే, ముందు తానే కరిగి, తెల్లటి పొడిగా రాలిపోతూ ఉక్కును కాపాడుతుంది. చూపుకు ఆనదు. కానీ కిందున్న దాని బదులు తానే నాశనమవుతుంది. ప్రియులారా, సిలువను గురించి ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాం. ఆ షెడ్డులో బూడిదరంగు బోల్టు ఒకటి చేతిలో పెట్టుకుని నిలబడ్డప్పుడు మా ఇద్దరికీ మాట రాలేదు.

అప్పుడే మాతో బోల్టులు కడుగుతున్న తమ్ముడు నోరు తెరిచాడు. అతని అనుమతితో, పేరు లేకుండా రాస్తున్నాం. రెండేళ్ల కింద ఉపవాస ప్రార్థనల్లో ఈ తమ్ముడు తాగుడు విడిచి ప్రభువు దగ్గరికొచ్చాడు. మూడు వారాలు తిరగకముందే మేము తెల్లబట్టలు కుట్టించి వేదిక ఎక్కించాం. చుట్టుపక్కల ఊళ్ల కూడికల్లో సాక్ష్యం చెప్పించాం. పోస్టరు మీద ఫోటో వేయించాం. అతను చెప్పే సాక్ష్యంలో కొంచెం మెరుపు తక్కువైన చోట మేమే మాటలు అందించాం. ఐదు నెలలు గడిచాక ఒక రాత్రి మళ్లీ తాగాడు. సిగ్గుతో మందిరానికి రావడం మానేశాడు. "విశ్వాసంలో నిలబడలేదు" అని మేము ప్రార్థనలో కూడా అన్నాం. తప్పు అతనిదే అన్నట్టు అన్నాం.

ఆ తమ్ముడు విరిగిన వాషరు చేతిలోకి తీసుకుని, మా వైపు చూడకుండా, "అయ్యగారూ, నన్ను గూడా ఇట్టనే చేశారు" అన్నాడు.

భాయ్ పని ఆపాడు. మాకు చెప్పడానికి ఏ వాక్యమూ దొరకలేదు. క్షమించమని అడిగాం. అతను తల ఊపి మళ్లీ కిరసనాయిలు డబ్బా ముందు కూర్చున్నాడు.

కొత్తగా విశ్వసించినవాణ్ణి అధ్యక్షునిగా నిలబెట్టవద్దని, తొందరపడి ఎవరి మీదా చేతులుంచవద్దని పౌలు తిమోతికి రాశాడు. ఆ పత్రిక మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. అయినా మారుమనస్సు తర్వాత కొంతకాలం కనబడకుండా, వేడిలో, నిదానంగా ఉండనివ్వాలని మాకు తోచలేదు. ఆ కాలం అతనికి అవసరం. మాకు మాత్రం కూడికకు ఒక సాక్ష్యం అవసరమైంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి నిర్గమకాండము 26, 27 అధ్యాయాలు తీశాం. ఇన్నాళ్లూ త్వరగా చదివి దాటేసిన అధ్యాయాలవి. లోపలి తెరలను కలిపే గుండీలు బంగారువి. పైనున్న మేకవెండ్రుకల తెరల గుండీలు ఇత్తడివి. పలకల కింద దిమ్మలు వెండివి. ఆవరణ స్తంభాలకు వంకులు వెండివి, దిమ్మలు ఇత్తడివి. నేలలో దిగగొట్టే మేకులన్నీ ఇత్తడివి. ఒక్కొక్క చిన్న వస్తువుకూ ఏ లోహమో దేవుడు తానే చెప్పాడు. ఎడారి ఇసుకలో, కాళ్ల కింద ఉండే మేకుకు బంగారం పూయమనలేదు. అలాగని మేకును మరిచిపోనూ లేదు. మేకు తన ఇత్తడితోనే గుడారాన్ని గాలికి ఎగిరిపోకుండా పట్టుకుంది.

సంఘంలో మనం ఒకరినొకరు ఎలా చూస్తున్నామో ఆలోచిద్దాం. ముందు వరుసలో పాడే చెల్లెలి మెరుపు, చాపలు పరిచే అన్నకు లేదని చిన్నచూపు చూస్తున్నామా? మన పిల్లవాడు నల్లటి బోల్టులా ఇంజను దగ్గర కష్టపడే స్వభావం గలవాడైతే, పక్కింటి పిల్లవాడిలా తళతళలాడాలని ముంచుతున్నామా? ఎవరి అసలు పూత ఏమిటో తెలియాలంటే ఓపికగా కింద చూడాలి. ఉప్పుగాలి తగలని చోటు ప్రతి మనిషిలో ఎక్కడో కొంచెం మిగిలి ఉంటుంది. తయారుచేసినవాని గుర్తు అక్కడ దొరుకుతుంది.

మేము పాడుచేసిన స్ప్రింగు వాషర్లన్నీ భాయ్ పారేయించాడు. చెన్నై పుదుపేటలో పాత సామాన్ల అంగళ్లు రెండు రోజులు తిరిగి బదులు తెచ్చాం. స్టీరింగు, చక్రాల దగ్గరి బోల్టులు ఒక్కటీ మేము మెరిపించినవి వాడలేదు. జింకు వేయించినవి వేడిలో పెట్టించి, కొత్త కవర్లలో ఒక్కొక్కటిగా పేర్లు రాసి పెట్టాం. ఆ పేర్లు రాసింది ఆ తమ్ముడే. ఏది ఎక్కడిదో కవర్లు పోయినా అతనికి గుర్తుంది. క్రోమ్ మాత్రం మొదట్నుంచీ ఉన్నచోటే, డోరు హ్యాండిళ్లకు, హెడ్‌లైటు రింగులకు ఉంది.

పెండ్లి రోజు బండి మెల్లగా మందిరం ముందుకొచ్చి ఆగింది. ఫోటోలు తీసినవాళ్లెవరూ బానెట్టు కిందికి వంగి చూడలేదు. పెద్దమ్మ మాత్రం తలుపు మీద చేయి వేసి, చాలాసేపు చూసి, "మా ఆయన బండే" అంది.

ఆ తమ్ముడు ఇప్పుడు కొన్ని ఆదివారాలు వస్తున్నాడు, కొన్ని రావడం లేదు. వచ్చినప్పుడు వెనక, తలుపు దగ్గర కూర్చుంటాడు. దయచేసి ఎవరూ అతన్ని ముందుకు పిలవకండి. సాక్ష్యం చెప్పమని అడగకండి. పక్కన చోటుంటే కూర్చోండి, చాలు.

ప్రార్థన: మమ్మును చేసిన తండ్రీ, నీవు ఇవ్వని మెరుపును మేము ఒకరి మీద ఒకరం పూసిన పాపమును క్షమించుము. మా తొందర వల్ల విరిగిన వారిని నీ చేతిలోకి తీసుకొనుము. కనబడని చోట నీవు ఉంచిన గుర్తును చూచే ఓపికను మాకు దయచేయుము. మా బదులు తన్నుతాను అప్పగించుకొనిన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.