వెల, ఖరీదు, గిట్టుబాటు

మా యేలూరు ప్రాంతమున ధరను జెప్పుటకు జనుల నోట నెన్ని మాటలున్నవో లెక్కించినచో నాశ్చర్యము కలుగును. వెల యచ్చతెలుగు, తమిళ కన్నడములందు దీనికి తోబుట్టువులు గలవు. మూల్యము సంస్కృతము; మూలధనమును బట్టి వచ్చినది. ఖరీదు పారసీకము, ఆ భాషలో దాని యర్థము కొనుటయే గాని ధర గాదు. రేటు ఆంగ్లేయులు విడిచిపోయినది. ప్రియమను మాట యన్నిటికంటె చిత్రమైనది: సంస్కృతమున నిష్టమైనది, తెలుగు బజారున నందనిది. తరగతిలో నీ సంగతి చెప్పినప్పుడు మా బాలురు నవ్వుదురు. వారి తల్లులు నవ్వుదురని మాకు తోపదు.

మమ్ము మిక్కిలి యాలోచింపజేసిన మాట గిట్టుబాటు. గిట్టుట యనగా సరిపడుట. ఇరువురికి పొసగనిచో 'వారికి గిట్టద'ందుము. బేరము గిట్టినదనగా ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని సమ్మతమైనదని భావము. మరణించుటయు గిట్టుటయే. ఈ రెండర్థము లొక్క మాటలో గలియుట యాదృచ్ఛికము కావచ్చును గాని, కౌలురైతు 'ఈ యేడు గిట్టలేదండీ' యనినప్పుడు మాకు రెండవ యర్థము స్ఫురింపక మానదు.

రైతు తన ధాన్యము నమ్మునప్పుడు వెల చెప్పువాడు కొనువాడు. ఎరువు కొనునప్పుడు వెల చెప్పువాడు అమ్మువాడు. రెండు చోట్లను వినుటయే రైతు పని. తాడేపల్లిగూడెపు టోకు బజారునకు ఉల్లిబస్తాలు తెచ్చిన కర్నూలు రైతు స్థితియు నిట్టిదే. తిరుగు కిరాయి తలచుకొని, దొరకిన ధరకు తలయూపును. ఇందులకే ప్రభుత్వమువారు కనీస మద్దతు ధరను ప్రకటింతురు. 2025–26 సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యము క్వింటాలు 2,369 రూపాయలు. 'కనీస'మనగా నంతకు దిగరాదని గదా! కల్లమున నది తరచుగా నంతకు మించరాదని యర్థమగుచున్నది. పొట్లముపై నచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధరయో, అంతకు మించరాదని యేర్పడినది. అంగడిలో నదియే అసలు ధరయై కూర్చున్నది. ఒకే వ్యాకరణము, రెండు న్యాయములు!

కొల్లేటి చెంత రొయ్యల చెరువులవద్ద 'కౌంటు' అను మాట వినబడును. కిలోకు తూగు రొయ్యల సంఖ్య యది. నూరు కౌంటనగా చిన్నవి, ముప్పది కౌంటనగా పెద్దవి. సంఖ్య తగ్గినకొలది వెల పెరుగును. ఆ వెల చెరువుగట్టున నిర్ణయమగునది కాదు. 2025 ఆగస్టులో అమెరికావారు మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, ఆ దేశము నెన్నడును చూడని కైకలూరు, ఆకివీడు రైతులు దినదినమును కౌంటు ధరల నడిగి తెలిసికొనవలసి వచ్చెను.

ఇంక మన యిండ్ల సంగతి. అచ్చువేసిన ధరను మారుమాటాడక చెల్లించు గృహస్థుడే, కొల్లేటి చేపల గంప దింపిన యామెతో పది రూపాయలకై గడియసేపు వాదించును. ఆ గంపపై కనీసమును లేదు, గరిష్ఠమును లేదు. బేరము తెగిన పిమ్మట కొసరు కూడ నడుగుదుము. కొసరనగా నొక చిన్న చేప. ఆమె దానినిగూడ తెల్లవారుజామున రేవులో వెల యిచ్చియే కొన్నది.