భీముడి గుడి... బంగాళాదుంప చేలు!

అర్జునుడి గుడి, భీముడి గుడి, ఘటోత్కచుడి గుడి... ఇవన్నీ ఉన్నది మనదేశంలో కాదు. ఇండోనేషియాలోని జావా దీవిలో, 2,000 మీటర్ల ఎత్తున ఉన్న దియెంగ్ పీఠభూమి మీద! వెయ్యేళ్లు దాటిన ఈ శివాలయాలకు మహాభారతం పేర్లు తర్వాతి కాలంలో స్థానికులు పెట్టినవి. ఇప్పుడక్కడ ఉండేది ఎక్కువగా ముస్లింలే. అయినా పేర్లు మార్చలేదు.

యోగ్యకర్త నుంచి వొనొసొబో పట్టణానికి వెళ్లి, ఘాట్‌రోడ్డు ఎక్కాలి. సెంబుంగన్ గ్రామంలో ఇళ్లలోనే గదులు అద్దెకిస్తారు. చీకటితోనే సికునిర్ కొండెక్కితే మబ్బుల మీద పొద్దుపొడుపు చూడొచ్చు.

ఊరికి అన్నం పెట్టేది బంగాళాదుంపే. జులై, ఆగస్టుల్లో ఒక్క రాత్రి మంచు గడ్డకట్టిందా... తెల్లారేసరికి పైరు మాడిపోతుంది. అందుకే దాన్ని 'ఎంబున్ ఉపాస్' అంటారు, అంటే విషపు మంచు. ఏటవాలు చేలల్లో మట్టీ వానకు కొట్టుకుపోతోంది. పైగా కింద అగ్నిపర్వతం! 1979లో ఇక్కడ వెలువడిన విషవాయువుకు 140 మందికి పైగా బలయ్యారు.

ఇంత అందమైన చోట కాస్త స్థలం కొనుక్కుంటే? కుదరదు. 1960 నాటి భూచట్టం ప్రకారం విదేశీయులకు శాశ్వత యాజమాన్య హక్కు ఉండదు, గడువున్న వాడకపు హక్కే. స్థానికుల పేరు మీద కొంటే ఆ ఒప్పందం చెల్లదు. డబ్బూ భూమీ రెండూ పోవచ్చు.

అంతకన్నా రెండ్రోజులుండి అద్దె నేరుగా రైతు చేతిలో పెట్టడం మేలు. మంచు కాటేసిన ఏడు ఆ ఇంటికి అదే ఆసరా.